మామ వాటా పిలక

మా పాపకు పదకొండో నెలలో త్రిపురాంతకం గుడి దగ్గర పుట్టు వెంట్రుకలు తీయించాను. తలంతా నున్నగా తీయించి, నడినెత్తిన మాత్రం బొటనవేలంత పిలక ఉంచమన్నాను. ఆ పిలక నాలుగు నెలలు అట్లాగే ఉంది. చూసినవాళ్ళంతా ఏదో మొక్కు అనుకున్నారు. మొక్కూ లేదు, మన్నూ లేదు. మా తమ్ముడి మీద కోపం. కోపమని అంటున్నాను గానీ, వాడు వస్తాడన్న ఆశ కూడా అందులోనే ఉంది. అప్పట్లో అడిగితే ఒప్పుకునేదాన్ని కాదు.

మొదటి నుంచి చెప్తాను.

నేను పశుసంవర్ధక శాఖలో చిన్న ఉద్యోగిని. మొదట బేస్తవారిపేట మండలంలో చేశాను, తర్వాత మార్కాపురం దగ్గరి ఊళ్ళకు బదిలీ అయింది. రైతులు డాక్టరమ్మా అంటారు. డాక్టర్ని కాదని మొదట్లో చెప్పేదాన్ని, తర్వాత మానుకున్నాను. బర్రె ఎదకొస్తే ఫోన్ చేస్తారు. స్కూటీ మీద నైట్రోజన్ డబ్బా కట్టుకుని పోతాను. ఆ డబ్బాలో ముర్రా దున్నల వీర్యం సన్నటి స్ట్రాలలో గడ్డకట్టి ఉంటుంది, ప్రతి స్ట్రా మీదా ఆ దున్న నంబరు ఉంటుంది. ఒక స్ట్రా తీసి గోరువెచ్చని నీళ్ళలో అరనిమిషం ఉంచి, పొడుగాటి గొట్టంలాంటి గన్నులో బిగిస్తాను. ఎడమ చేతికి భుజం దాకా తొడుగు వేసుకుని ఆ చెయ్యి బర్రె లోపల పెడతాను, కుడి చేత్తో గన్ను పట్టుకుంటాను. ఐదు నిమిషాల పని. బర్రె మంచిదైతే మూడు నిమిషాలే.

ఈ ఎడమ చెయ్యి నా పెళ్ళికి చాలా అడ్డం వచ్చింది. గిద్దలూరు నుంచి ఒక సంబంధం వచ్చింది. పెళ్ళికొడుకు తల్లి నా చేతుల వంక చాలాసేపు చూసి, "ఆ చేత్తోనే అన్నం తింటావామ్మా?" అని అడిగింది. "లేదత్తా, ఎడమ చెయ్యి బర్రెకు, కుడి చెయ్యి అన్నానికి" అన్నాను. వాళ్ళు కాఫీ కూడా తాగకుండా లేచిపోయారు. మా అమ్మ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. తమ్ముడు మాత్రం పెరట్లోకి పోయి కడుపు పట్టుకుని నవ్వాడు. వాడు నాకన్నా నాలుగేళ్ళు చిన్న. అప్పట్లో వాడూ నేనూ ఒక జట్టు.

వచ్చిన సంబంధాల్లో కొందరు ఉద్యోగం మానేయమన్నారు, కొందరు మానకుండా జీతం తెచ్చి చేతికివ్వమన్నారు. నాకు నచ్చినవాళ్ళకు నేను నచ్చలేదు. ముప్పై అయిదు దాటాక రావడమే ఆగిపోయింది. నిజం చెప్పాలంటే హాయిగా అనిపించింది. స్నానం చేసి, నాకిష్టమైన పచ్చడి వేసుకుని, ఎవరికీ లెక్క చెప్పకుండా అన్నం తినే సాయంత్రాలు నాకు బాగా అలవాటయ్యాయి. కానీ బిడ్డ కావాలన్న కోరిక మాత్రం పోలేదు. మొగుడు లేని లోటు ఎప్పుడూ తెలియలేదు, బిడ్డ లేని లోటు రోజూ తెలిసేది. ఎవరింటికి బర్రె కోసం పోయినా ముందు పసిపిల్లను ఎత్తుకునేదాన్ని, తర్వాత బర్రెను చూసేదాన్ని.

పెళ్ళి కాని ఆడవాళ్ళు కూడా దాత వీర్యంతో బిడ్డను కనవచ్చని, చట్టం ఒప్పుకుంటుందని ఒక పేపర్లో చదివాను. నెల రోజులు ఆ పేపరు ముక్క నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. తర్వాత సెలవు పెట్టి గుంటూరులో ఒక ఆస్పత్రికి పోయాను. అక్కడ గది మూలన నైట్రోజన్ డబ్బా కనిపించింది. మాదాని కన్నా పెద్దది, తళతళలాడుతోంది. ప్రాణం కుదుటపడింది. "ఎన్ని రోజులకు ఒకసారి నింపుతారమ్మా?" అని నర్సును అడిగాను. ఆ అమ్మాయి ఇట్లాంటి ప్రశ్న ఎవరూ అడగలేదని నవ్వింది. సంతకాలు చాలా పెట్టాను. మొదటిసారి నిలవలేదు, రెండోసారీ నిలవలేదు. మూడోసారి నిలిచింది. రైతులకు నేను చెప్పే మాటే నాకు నేను చెప్పుకున్నాను, మూడు సార్లు చూడకుండా మానకూడదని.

అమ్మకు మూడో నెలలో చెప్పాను. అమ్మ అప్పటికి తమ్ముడి ఇంట్లో ఉంటోంది, మార్కాపురంలోనే, నేను అద్దెకున్న వీధికి నాలుగు వీధుల అవతల.

"ఎవరే వాడు?" అంది.

"ఎవరూ లేరమ్మా."

"ఎవరూ లేకుండా ఎట్లయితాదే?"

"నేను రోజూ చేసే పనే గదా. అట్లనే."

అమ్మ గోడకు ఆనుకుని చాలాసేపు కూర్చుంది. మా నాయన బతికున్నప్పుడు నా ఉద్యోగం ఏమిటో ఆమెకు నాలుగైదు సార్లు వివరంగా చెప్పాడు కాబట్టి సంగతి అర్థమైంది. "ఆ మడిసి మనోళ్ళేనా?" అని అడిగింది. కులం గురించి.

"అది చెప్పరమ్మా. రోగాలేం లేవని పరీక్ష చేసినారు."

"రోగాల సంగతి సరే" అంది అమ్మ. కాసేపటికి లేచి, ఆ నెలలో ఏం తినకూడదో చెప్పడం మొదలుపెట్టింది. బొప్పాయి, నువ్వులు, ఇంకేవో. నేను ఏడ్చాను. ఏడుస్తూనే తలూపాను.

పల్లెల్లో నేను భయపడినంత గొడవ జరగలేదు. వెనక ఏమనుకున్నారో తెలియదు, ఎదురుగా మాత్రం మర్యాదగానే ఉన్నారు. ఒక ముసలమ్మ అయితే, "మొగోడితో పోరు లేకుండా బిడ్డొచ్చె. మా కాలంలో ఇట్లాంటిది యాడుండె?" అని నా బుగ్గలు పుణికింది. ఇంకో పెద్దాయన ఆరో నెలలో నన్ను బర్రె వెనక నిలబడనివ్వలేదు. "అది తన్నిందంటే మీ అమ్మకేం చెప్పాల? పక్క ఊరాయన్ను పిలిపిచ్చుకుంటాలే, నువ్వు పో" అని స్కూటీ దాకా వచ్చి పంపాడు. వాళ్ళింట్లో ప్రతి దూడా ఒక నంబరు నుంచే పుట్టింది. ఏ దూడకు తండ్రి ఎక్కడున్నాడని వాళ్ళు ఏనాడూ దిగులు పడలేదు.

గొడవ జరిగింది టౌన్లో, అది కూడా తమ్ముడి దగ్గర.

తమ్ముడు పలకల షెడ్డు నడుపుతాడు. మా నాయన చేసిన పనే. రాయిని కోసి, నునుపు చేసి, చెక్క చట్రం బిగించి కట్టలు కట్టి పంపడం. ఆ షెడ్ల దగ్గర టీకొట్టులో పొద్దున పదింటికి మగవాళ్ళంతా చేరతారు. నాకు అయిదో నెల నిండిన వారం, అక్కడ ఒకడు వీణ్ణి చూసి, "ఏందన్నా, మీ అక్క బర్రెలకు వేసేది తనకే వేసుకుందంట గదా, ఏ దున్నది?" అన్నాడు. అందరూ నవ్వారు. తమ్ముడు చేతిలో ఉన్న టీ గ్లాసుతో వాడి మూతి మీద కొట్టాడు. పెదవి చిట్లింది. పెద్దమనుషులు కూర్చుని, పోలీసుల దాకా పోకుండా సర్దుబాటు చేశారు.

ఆ సాయంత్రం తమ్ముడు నా ఇంటికి వచ్చాడు. లోపలికి రాలేదు, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. చేతికి గుడ్డ చుట్టుకుని ఉన్నాడు.

"నీ కడుపు, నీ ఇష్టం. ఊర్లో తిరిగేది నేను గదా" అన్నాడు.

"నేనేమన్నా ఇంట్లో దాక్కున్నానా? పొద్దున లేస్తే ఊర్ల మీదనే గదరా నేనూ తిరిగేది."

"నువ్వు తిరిగేది బర్రెల కాడ. అవి మాట్లాడవు."

అప్పుడు నేను ఆగి ఉండాల్సింది. నా నోరు ఆగే రకం కాదు. వాణ్ణి ఎగతాళి చేసినవాడి మీద రావాల్సిన కోపమంతా వాడి మీదే చూపించాను. ఏమేం అన్నానో రాయను. చివరికి వాడు, "నాకింక అక్క లేదు" అన్నాడు. "పో, నాకు ఎట్లాగూ బిడ్డ వస్తాంది, నువ్వు లేకపోయినా జరుగుతాది" అన్నాను. వాడు వెనక్కి తిరిగి చూడకుండా పోయాడు. మా ఇద్దరి మధ్య ఏడాదిన్నర పైన అవే ఆఖరి మాటలు.

పాప మార్కాపురంలోనే ఒక ఆస్పత్రిలో పుట్టింది. కాగితం నింపే అమ్మాయి తండ్రి పేరు దగ్గర ఆగి నా మొహం వైపు చూసింది. "గీత పెట్టమ్మా" అన్నాను. నా రిజిస్టర్లో ప్రతి దూడకూ తండ్రి గడిలో ఒక నంబరు రాస్తాను. నా బిడ్డకు ఆ నంబరు కూడా లేదు, గీత ఉంది. బాధ కలగలేదు. వింతగా అనిపించింది, అంతే. ఆ మూడు రోజులూ నా కళ్ళు వార్డు తలుపు మీదే ఉన్నాయి. తమ్ముడు రాలేదు.

అమ్మ రెండిళ్ళ మనిషి అయిపోయింది. నా సెలవు అయిపోయాక, పొద్దున నేను డ్యూటీకి పోయే ముందు వచ్చి, నేను తిరిగొచ్చాక తమ్ముడి ఇంటికి పోయేది. కోడలు మంచిది, అడ్డు చెప్పలేదు. పైగా పాపకు నెయ్యి పంపేది. తమ్ముడు చూసీ చూడనట్టు ఊరుకునేవాడట. అమ్మ ఇక్కడి మాటలు అక్కడికి, అక్కడి మాటలు ఇక్కడికి మోసేది. అడగకపోయినా చెప్పేది. నేను వినబడనట్టు నటించేదాన్ని. ఒక్క ముక్క కూడా వదిలేదాన్ని కాదు.

బిడ్డ పుట్టాక నాకు ఒక సంగతి తెలిసొచ్చింది. తండ్రి లేని బిడ్డ, తండ్రి లేని బిడ్డ అని జనం అంటారే, మన ఇళ్ళల్లో తండ్రికి పెద్దగా పనే ఉండదు. చెవులు కుట్టించేటప్పుడు ఎవరి ఒళ్ళో కూర్చోవాలి? మేనమామ ఒళ్ళో. పుట్టు వెంట్రుకలకు మొదటి కత్తెర ఎవరు పెట్టాలి? మేనమామ. పట్టుబట్ట ఎవరు తేవాలి? ఆయనే. తండ్రి పక్కన నిలబడి ఫోటో దిగుతాడు. నాకు అక్కర్లేని మనిషి గురించి లోకమంతా అడుగుతోంది. నాకు కావలసిన మనిషి నాలుగు వీధుల అవతల ఉన్నాడు. వాడు రాకపోతే నా బిడ్డకు ఏ ముచ్చటా సరిగా జరగదు. నువ్వు లేకపోయినా జరుగుతాది అని నేనే అన్నాను.

పదకొండో నెల దగ్గర పడుతుండగా అమ్మతో కబురు పెట్టాను. "ఆదివారం త్రిపురాంతకం పోతున్నాం, మేనమామ కత్తెర పెట్టాలంట అని చెప్పు. నేను పిలిచినానని చెప్పు." ఫోన్ చేయొచ్చు గదా అంది అమ్మ. నేను చేయలేదు. చేసి ఉండాల్సింది. మరుసటి రోజు అమ్మ వచ్చి, "విన్నాడు. వస్తాననలేదు, రాననలేదు" అంది.

ఆదివారం పొద్దున మేం అద్దెకున్న ఇంటి ఓనరు ఆటోలో బయలుదేరాం. ఆయన ముసల్మాను, ఆటో నడుపుతారు. నేను భాయ్ అంటాను. పాపను కిందికీ మీదికీ ఎత్తి ఆడించేది ఎక్కువగా ఆయనే. ఆటో వెనక సీట్లో అమ్మ, నేను, పాప, ఒక పులిహోర డబ్బా. దారి పొడుగునా నేను వెనక్కి చూస్తూనే ఉన్నాను, ఏ బైకు వచ్చినా.

జుట్టు తీసే చోట మెట్ల మీద కూర్చున్నాం. పదకొండయింది. పన్నెండయింది. అమ్మ ఫోన్ చేస్తే, షెడ్డులో లోడు ఎత్తుతున్నారని కోడలు చెప్పింది. ఆదివారం లోడేమిటో నాకు తెలియదు. జుట్టు తీసే ఆయన మూడుసార్లు వచ్చి అడిగాడు, "మేనమామ వచ్చినాడా అమ్మా?" అని. బిడ్డ తండ్రి ఏడని ఒక్కసారి కూడా అడగలేదు.

ఒంటిగంట దాటాక ఆయనకు విసుగొచ్చింది. "మీకు అన్న వరసైనోళ్ళు ఎవరో ఒకరు పెట్టండమ్మా, ఎండ ముదిరిపోతాంది, బిడ్డ తట్టుకోలేదు" అన్నాడు. పాప అప్పటికే ఏడుపు మొదలుపెట్టింది. భాయ్ చెప్పులు విడిచి దగ్గరకు వచ్చారు.

"నేను లేనా చెల్లెమ్మా? నన్ను అది మామూ అనే గదా అంటాది. నేను పెడతా కత్తెర" అన్నారు.

ఆయన పెడితే ఎవరికీ అభ్యంతరం లేదు. అమ్మకు కూడా లేదు, కత్తెర ఆయన చేతికి ఇవ్వబోయింది. పాప మీద ఆయనకున్న ప్రేమలో నాకు ఇసుమంత అనుమానం లేదు. కానీ నేను అమ్మ చెయ్యి పట్టుకుని ఆపాను. ఆయన పెడితే ముచ్చట సక్రమంగా జరిగిపోతుంది. జరిగిపోతే ఇక తమ్ముడి కోసం ఆగాల్సిన పని ఉండదు. వాడు లేకపోయినా జరిగిందని లోకానికి తెలుస్తుంది, వాడికీ తెలుస్తుంది. ఆ మాట ఆ రోజు గుమ్మం దగ్గర గొప్పగా అన్నాను గానీ, నిజమయ్యే వేళకు నాకే వద్దనిపించింది.

అప్పుడు నాకు మా తమ్ముడి పిలక గుర్తొచ్చింది.

వాడికి మూడో ఏట పుట్టు వెంట్రుకలు తీయించారు. మా మేనమామ అప్పుడు మిలిటరీలో ఉన్నాడు, సెలవు దొరకలేదు. ముహూర్తం ఆపడానికి వీల్లేదని మా అవ్వ తలంతా తీయించి, నడినెత్తిన పిలక ఒకటి ఉంచింది. "అది వాళ్ళ మామ వాటా. ఆయనొచ్చి తీస్తాడు" అంది. మా ఇళ్ళల్లో అట్లా చేయడం ఉందట. మామ ఏడు నెలలకు వచ్చాడు. ఆ ఏడు నెలలూ తమ్ముడు పిలకతోనే తిరిగాడు. వీధిలో పిల్లలు పిలకోడా అని పిలిచేవాళ్ళు. రోజూ దాన్ని దువ్వి రబ్బరు బాండు వేసే పని నాది. బస్సు శబ్దం వింటే చాలు, వాడు రోడ్డు మీదికి పరుగెత్తి, మామ దిగాడేమోనని చూసి వచ్చేవాడు. నాకు ఏడేళ్ళు. రాడులే పోరా అని ఏడిపించేదాన్ని. వస్తాడు అనేవాడు.

"తలంతా తీసేయండి. నడినెత్తిన మాత్రం ఉంచండి" అన్నాను.

జుట్టు తీసే ఆయన వింతగా చూశాడు. అమ్మకు మాత్రం వెంటనే అర్థమైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, తర్వాత అదే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. భాయ్‌కి దారిలో విషయం చెప్పాను, కష్టపెట్టుకున్నారేమోనని. ఆయన ఆటో నడుపుతూనే అద్దంలో పాపను చూసి పెద్దగా నవ్వారు. "మంచిది చెల్లెమ్మా. ఉండనీ, మీ వాడికి సిగ్గొచ్చేదాకా ఉండనీ" అన్నారు.

ఆ పిలకతో నేను పడిన అవస్థ చెప్పనలవి కాదు. అంగన్‌వాడీలో అడిగారు, టీకా సూది వేసే చోట అడిగారు, కూరగాయల మార్కెట్లో అడిగారు. ఒకామె, ఏ దేవుడికమ్మా ఈ మొక్కు, మేమూ మొక్కుకుంటాం అంది. మా రైతు ఒకాయన, "డాక్టరమ్మా, పాపకు చెవి పోగు నంబరు బదులు ఇది పెట్టినావా?" అన్నాడు. బర్రెల చెవులకు నంబరు ఉన్న పోగులు వేసేదాన్ని నేనే కాబట్టి నవ్వక తప్పలేదు. చుట్టూ జుట్టు మొలుస్తోంది, మధ్యలో పిలక దానికన్నా ముందు పెరుగుతోంది. రెండో నెలకే రబ్బరు బాండు వేయాల్సి వచ్చింది.

అమ్మ కబుర్లు మాత్రం మారాయి. తమ్ముడు మొదటి వారం ఏమీ మాట్లాడలేదట. నెల తిరిగాక ఒక రోజు అన్నం తింటూ, "పిలక అట్లనే ఉందా?" అన్నాడట. ఉందిరా అంటే మళ్ళీ తల వంచుకుని తిన్నాడట. ఇంకో నెలకు, "ఎంతయింది?" అన్నాడట. "మూడు వేళ్ళు" అని చూపించిందట అమ్మ. ఆ తర్వాత, "రబ్బరు బాండు వేస్తాందా?" ఇదంతా అమ్మ నాకు బియ్యం ఏరుతూ చెప్పేది. "అడిగేది ఏందమ్మా? వచ్చి చూస్తే పోదా?" అని కసిరేదాన్ని. ఆ రాత్రికి మాత్రం కాస్త బాగా నిద్రపట్టేది.

పిలక ఉంచిన నాలుగో నెలలో ఎండాకాలం మొదలయింది. పాప మాడు చెమటకు పొక్కులు లేచాయి, పిలక కుదుళ్ళ దగ్గర ఎర్రగా కమిలింది. గోక్కుని ఏడుస్తోంది. డాక్టరు పిలక తీసేసి మందు రాయమన్నాడు. నా పంతానికి నా బిడ్డ గోక్కుని ఏడవడమేమిటని సిగ్గేసింది. బర్రె మెడకు తాడు ఒరుసుకున్నా రైతును తిట్టే మనిషిని నేను. శనివారం అమ్మతో అన్నాను, "సోమవారం పొద్దున నేనే తీసేస్తా. ఇంక ఎవరి కోసమూ ఆగేది లేదు. పోయి చెప్పు, చెప్పకపో, నీ ఇష్టం." అమ్మ ఆ రోజు పొద్దుగూకక ముందే బయలుదేరి పోయింది.

ఆదివారం ఎనిమిదింటికి పాప వాకిట్లో కూర్చుని గిన్నెలోంచి బొరుగులు ఒక్కొక్కటే ఏరుకుని తింటోంది. నేను స్కూటీ కడుగుతున్నాను. బైకు ఆగిన శబ్దం వినబడింది. తమ్ముడు. వెనక అమ్మ. ఆదివారమైనా షెడ్డు దాకా పోయి వచ్చాడేమో, కనుబొమ్మల మీద పలక దుమ్ము ఉంది. చిక్కిపోయాడు. నా వైపు చూడలేదు. వచ్చి పాప ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కొత్తవాళ్ళను చూస్తే కెవ్వుమనే పాప, వాణ్ణి కాసేపు చూసి, ఒక బొరుగు తీసి వాడి మూతికి ఆనించింది. వాడు నోరు తెరిచి తిన్నాడు.

"రబ్బరు బాండు నువ్వే వేసినావా?" అన్నాడు. పాపను చూస్తూ, నన్ను అడిగాడు.

"ఇంకెవరేస్తారు?"

"నాకూ ఇట్లనే బిగించేదానివి. మాడంతా గుంజేది."

వాడు దాన్ని ఒక్క వెంట్రుక కూడా లాగకుండా చుట్టు చుట్టుగా విప్పాడు. జేబులోంచి కత్తెర తీశాడు. కొత్తది, దుకాణంలో వేసిన ప్లాస్టిక్ తొడుగు ఇంకా అట్లాగే ఉంది. పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని మూడు కత్తెరలు పెట్టాడు. అమ్మ వెంట్రుకలను తమలపాకులో పట్టింది. మూడో కత్తెరకు పిలక పూర్తిగా ఊడింది. పాప నెత్తిన చెయ్యి పెట్టి వెతుక్కుని, ఏమీ దొరక్క, మళ్ళీ బొరుగుల గిన్నె దగ్గరకు పోయింది.

మేనమామ బట్టలు పెట్టాలి కదా. వాడు బైకు దగ్గరకు పోయి ఒక కవరు తెచ్చి అమ్మ చేతికి ఇచ్చాడు. అమ్మ విప్పింది. తెల్లటి గౌను, వీపున దారాలు ముడివేసే రకం. అరచేతులు రెండూ కలిపినంత ఉంది. మడతల మీద పసుపుపచ్చ గీతలు పడ్డాయి. పదిహేను నెలల పిల్లకు కాదు, పుట్టిన బిడ్డకు తొడిగే గౌను అది.

"ఇదెప్పటిదిరా?" అంది అమ్మ.

వాడు అమ్మ చేతిలోని గౌను మడతను వేలితో సరిచేశాడు. తర్వాత అన్నాడు, "పుట్టినప్పుడు కొన్నా. ఆస్పత్రి గేటు దాకా తెచ్చినా. వాచ్‌మన్ ఆపి, బిడ్డకు నువ్వేమైతావు అని అడిగినాడు. తిరిగొచ్చేసినా."

"మామనని చెప్తే అయిపోయె గదరా!" అన్నాను. గొంతు పెద్దదయింది.

"ఎట్ల చెప్పేది?" అన్నాడు వాడు, మొదటిసారి నా మొహం వైపు చూస్తూ. "నాకు అక్క లేదంటి గదా."

నేను తడి చేతులతోనే మొహం కప్పుకుని ఏడ్చాను. వాడూ ఏడ్చాడు, పలక దుమ్ము చెంపల మీదికి కారింది. అమ్మ మాత్రం మమ్మల్ని పట్టించుకోకుండా ఆ గౌనును పాపకు తొడగాలని చూస్తోంది. అది తల దగ్గరే ఆగిపోయింది. పాప చేతులు విదిలించి గింజుకుంది.

"పట్టదులేమ్మా, వదిలెయ్" అన్నాను. తమ్ముడితో, "ఇంకోటి తెచ్చియ్యి" అన్నాను.

వాడు ముక్కు తుడుచుకుని లేచాడు. షెడ్డులో పలకను కొలిచినట్టు, జానతో పాప వీపును భుజం నుంచి కిందికి కొలుచుకున్నాడు. పాప ఒకచోట నిలబడలేదు, కొలత తప్పింది. మళ్ళీ కొలవమన్నాను.